బొమ్మకు గుచ్చని సూది

"ఇప్పుడేం చెయ్యను, బొమ్మలమ్మా?"

ఫోనులో ఆ వాక్యం దగ్గర తల్లి చూపు ఆగిపోయి పావుగంట అయింది. ముందున్న టీ చల్లారి తొరక కట్టింది.

ఆ వాక్యం రాసిన పిల్ల ఎక్కడో లేదు. బల్లకు అటువైపు, చెయ్యి చాపితే అందేంత దూరంలో కూర్చుని, రొట్టె తుంచుతూ, తినకుండా, తన ఫోను వంక చూస్తూ జవాబు కోసం కాచుకుని ఉంది.

బొమ్మలమ్మ తన కన్నతల్లేనని కూతురికి తెలీదు. 'సగం డాక్టరు' అనే మారుపేరుతో రెండేళ్ళుగా తనను ప్రశ్నలతో వేపుకు తింటున్నది తన కూతురేనని తల్లికి కూడా ఈ పొద్దున ఏడింటిదాకా తెలీదు.

'వార్డు వరండా' అనే ఆ ఆన్‌లైన్ గుంపులో అసలు పేర్లు ఉండవు. అదే అక్కడి మొదటి నియమం. ఎక్కడెక్కడి వైద్య విద్యార్థులూ, కొత్త డాక్టర్లూ అందులో చేరి అడగడానికి సిగ్గుపడేవి అడుగుతారు, చెప్పుకోవడానికి భయపడేవి చెప్పుకుంటారు. మెడికల్ కాలేజీ శిక్షణ ల్యాబులో ప్లాస్టిక్ రోగులను నడిపించే ఉద్యోగం కాబట్టి తల్లి తనకు తనే బొమ్మలమ్మ అని పేరు పెట్టుకుంది. అక్కడ ఆవిడ ఒక మాటంటే వందమంది తలకెత్తుకుంటారు. ఇంట్లో మాత్రం ఆవిడ మాటకు అంత గిరాకీ లేదు.

తల్లి ఆ ఉత్తరం మళ్ళీ మొదటినుంచి చదివింది.

"మీరు చెప్పినట్టే విచారణలో గుర్తులేదన్నాను. నేను బయటపడ్డాను, సిస్టర్ ఇరుక్కుంది. ఆవిడని డ్యూటీలోంచి తీసేశారు. ఇవాళ పదకొండింటికి ఆఖరి విచారణ. ఇప్పుడేం చెయ్యను, బొమ్మలమ్మా?"

పదకొండు అన్న అంకె దగ్గరే తల్లి పిల్లను పోల్చుకుంది. నిన్న సాయంత్రం, తను నర్సుగా ఉన్నప్పటి స్నేహితురాలు వార్డు సిస్టర్ ఫోను చేసి ఏడ్చింది. రేపు పదకొండింటికి నా సంగతి తేల్చేస్తారక్కా అని. ఆ ఇద్దరు సిస్టర్లూ ఒకరేనని అర్థం కావడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

గొడవ వారంనాటిది. వార్డులో ఒక ముసలావిడకు పడిపోతున్న బీపీని లేపడానికి ఇవ్వాల్సిన అడ్రినలిన్ ఇంజెక్షను ఇవ్వకుండానే, ఇచ్చినట్టు కేస్ షీటులో రాసి ఉంది. రాసింది సిస్టర్. ఇచ్చానని హౌస్ సర్జన్ గట్టిగా చెబితేనే తను రాశానని సిస్టర్ అంటోంది. ఆ హౌస్ సర్జన్ మన సగం డాక్టరే. ఏమన్నానో గుర్తులేదని ఆమె మొదటి విచారణలో తేల్చేసింది. కూతురి మాట తల్లి నమ్మింది కూడా.

మంగళవారం సగం డాక్టరు ఈ సంగతంతా వరండాలో రాసినప్పుడు, గుంపు నియమం ప్రకారం ఆనవాళ్ళు మార్చి రాసింది. ముసలావిడ స్థానంలో నడివయసు మగమనిషి, అడ్రినలిన్ స్థానంలో ఇంకో మందు. తల్లి పోల్చుకోలేదు. అసలు సరిగ్గా చదివితే కదా పోల్చుకోవడానికి. భయపడి రాసే పిల్లల కోసం ఆవిడ ఫోనులో ఒక జవాబు ఎప్పుడో రాసి దాచుకుంది. మొదట కడుపునిండా తిను, నిద్రపో, ఎవరైనా అడిగితే హడావుడిలో గుర్తులేదని చెప్పు, తర్వాత మీ పెద్ద డాక్టరుతో నింపాదిగా మాట్లాడు. అందరికీ పంపినట్టే దానికీ అదే పంపింది.

పిల్ల అందులో సగమే పట్టుకుంది.

"తినవే," అంది తల్లి.

"తింటూనే ఉన్నా."

"ఎక్కడ? ఆ రొట్టె నీ చేతిలో నలిగి పొడైపోయింది."

కూతురు ఆ పొడిని పళ్ళెంలోకి దులిపి మళ్ళీ ఫోను చూసుకుంది. జవాబు రాలేదు. ఇవ్వాల్సిన మనిషి రొట్టె గురించి మాట్లాడుతోంది మరి.

"అమ్మాయ్, ఇవాళ నాకేం జబ్బు?" అంటూ నాయనమ్మ జడ వేసుకుంటూ గదిలోంచి వచ్చింది.

ఆవిడ కూడా ఆ ల్యాబుకే వెళ్తుంది. అక్కడ రోగి వేషం ఆవిడదే. విద్యార్థులు ఆవిడతో మర్యాదగా మాట్లాడి, జబ్బేమిటో కనిపెట్టి మార్కులు తెచ్చుకోవాలి. ఏడాదిన్నరలో ఆవిడకు పదకొండుసార్లు గుండెపోటు, నాలుగుసార్లు పక్షవాతం వచ్చాయి. అసలు ఒంటికి మాత్రం ఒక్క జలుబు కూడా రాలేదని వీధిలో అందరికీ చెప్పుకుంటుంది.

"కడుపునొప్పి అత్తయ్యా. కుడివైపు."

"మొన్నా కుడివైపేగా. పిల్లలు లోపలికొస్తూనే సరిగ్గా అక్కడే నొక్కుతున్నారు. ముందు బ్యాచ్ వాళ్ళు ఫోన్లలో చెప్పేస్తున్నారు. నేను మూలగడం దండగ." నాయనమ్మ కుర్చీ లాక్కుని మనవరాలి మొహంలోకి చూసింది. "ఏమే, నాకంటే నీకే జబ్బు చేసినట్టుందే. నీకెవరు రాసిచ్చారు ఈ వేషం?"

"ఏం లేదు నాయనమ్మా."

"అది సరే. మన సిస్టరు గొడవ ఇవాళ తేలుతుందంటగా. పాపం, చిన్నప్పుడు నిన్ను చంక దింపేది కాదు. పిన్నీ పిన్నీ అని దాని కొంగు పట్టుకుని తిరిగేదానివి."

"ఇప్పుడవన్నీ ఎందుకు?"

తల్లి ఫోను బోర్లించి బల్లమీద పెట్టింది. "ఇవాళ నువ్వేం చెప్తావు?"

"ఎవరికి?"

"ఎవరికంటే ఏంటే. పెద్ద డాక్టరుకి."

"మొన్న చెప్పిందే. హడావుడిలో ఏమన్నానో గుర్తులేదు."

"నిజంగా గుర్తులేదా?"

కూతురు పళ్ళెం పక్కకు జరిపింది. ఫ్రిజ్ గురగురలాడి ఆగిపోయింది. హాల్లో పనిముట్ల సంచీ సర్దుకుంటున్న తండ్రి చెయ్యి కూడా ఆగింది.

"నువ్వూ విచారణ మొదలెట్టావా?" అంది కూతురు చివరికి.

"నేనడిగింది ఒక్క మాట."

"నీకు అన్నీ ఒక్క మాటలే అమ్మా. నీ బొమ్మ చచ్చిపోతే మీట నొక్కి లేపేస్తావు, తర్వాతి బ్యాచ్‌ని పిలుస్తావు. అక్కడ ఆ ముసలావిడ నా చెయ్యి పట్టుకుని వదల్లేదు. నీకేం తెలుసు?"

"ఇరవై ఏళ్ళు వార్డుల్లో నర్సుగా చేశానే నేను."

"చేశావు. ఎప్పుడో. ఇప్పుడు అద్దం వెనక కూర్చుంటావు."

తండ్రి గడపలోకి వచ్చి నిలబడ్డాడు. ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు. ఏ విషయమైనా ఆయనకు లిఫ్టు దగ్గరే మొదలై లిఫ్టు దగ్గరే ముగుస్తుంది.

"మా పనిలో అయితే తల్లీ, బ్రేకు బిగించానని పైనుంచి ఒకడు అరుస్తాడు. వాడు నా తమ్ముడైనా సరే, నమ్మి ఎక్కను. చేత్తో లాగి చూసుకున్నాకే."

"మీరాగండి," అంది తల్లి.

"నువ్వాగు నాన్నా," అంది కూతురు.

ఆ పొద్దున తల్లీకూతుళ్ళు ఏకమైంది ఆ ఒక్క విషయంలోనే. ఆయన సంచీ జిప్పు లాక్కుని బయటికి వెళ్ళిపోయాడు.

"నా బాధ అర్థమయ్యేవాళ్ళు ఉన్నారులే," అంది కూతురు ఫోను చేతిలోకి తీసుకుంటూ. "వాళ్ళు నన్ను ఇలా నిలదీయరు."

"ఎవరే వాళ్ళు?"

"నీకు తెలిసినవాళ్ళు కాదు."

తల్లి లేచి, టీ కప్పు తీసుకుని వంటింట్లోకి వెళ్ళింది. కప్పు కడగలేదు. చన్నీళ్ళ కుళాయి విప్పి, ఆ చప్పుడు చాటున ఫోను తెరిచింది.

దారి సులువుగానే ఉంది. బొమ్మలమ్మ చెబితే పిల్ల వింటుంది. వెళ్ళి నిజం చెప్పెయ్, సిస్టర్‌ని కాపాడు అని రెండు ముక్కలు పంపిస్తే చాలు. పిల్ల వెళ్ళి చెబుతుంది, సిస్టర్ బయటపడుతుంది. గుర్తులేదని చెప్పమన్న బొమ్మలమ్మ ఎవరో ఎవరికీ తెలియాల్సిన పనే లేదు. రెండేళ్ళుగా కూతురు మనసు విప్పి మాట్లాడుతున్న ఒకే ఒక్క మనిషి అలాగే మిగిలిపోతుంది.

ఆ ఆలోచన తల్లికి నచ్చింది. నచ్చినందుకు సిగ్గేసింది. అయినా టైపు చేసింది. పంపే గుర్తు మీద వేలు పెట్టబోతుంటే వెనకనుంచి నాయనమ్మ కుళాయి కట్టేసింది.

"నీళ్ళెందుకు పారబోస్తున్నావు? చూడమ్మాయ్, ఆ పిల్లకి అన్నీ గుర్తున్నాయి."

"మీకెలా తెలుసు?"

"గుర్తులేదని చెప్పేవాళ్ళు ఆ మాట అంత గబుక్కున అనరు. కాస్త వెతుక్కుంటారు. నేను మతిమరుపు వేషం రెండుసార్లు కట్టాను, ఆ మాత్రం తెలీదా?" నాయనమ్మ గ్లాసు నింపుకుంది. "నొప్పి లేకుండా నొప్పి అనడం నా పని. ఆ గది గడప దాటాక మాత్రం నా నోట అబద్ధం రాదు. వస్తే ఇంక ఈ వేషం కట్టడానికి నేను పనికిరాను. నువ్వే కదా మొదటిరోజు చెప్పావు నాకు."

చెప్పింది. తనే చెప్పింది. తల్లి టైపు చేసినదంతా చెరిపేసి ల్యాబుకు బయల్దేరింది.

*

నాయనమ్మను రోజూ దింపేది తండ్రి. ఆ రోజు ఎవరో లిఫ్టులో ఇరుక్కున్నారని ఫోనొస్తే ఆయన అటునుంచి అటే వెళ్ళిపోయాడు. దాంతో పది కావస్తుండగా కూతురే ఆవిడను వెంటబెట్టుకుని ల్యాబుకు వచ్చింది. ఆవిడ బట్టలు మార్చుకుని రోగి అవడానికి పక్కగదిలోకి వెళ్ళింది.

కూతురు ఒక్కతే మిగిలింది. ఒక్కతే అంటే, మంచంమీద బొమ్మ ఉంది. దాని రొమ్ము పైకీ కిందికీ ఆడుతోంది, కళ్ళు అప్పుడప్పుడూ మూసి తెరుస్తోంది. తల దగ్గర మానిటర్‌లో అంకెలు మెరుస్తున్నాయి. ఎదురు గోడకు నల్లటి అద్దం. అద్దం వెనక ఇరుకు గదిలో తల్లి కూర్చుని ఉంటుంది. అక్కడినుంచి బొమ్మ ఊపిరినీ, బీపీనీ పెంచుతుంది, తగ్గిస్తుంది. మైకులో మాట్లాడితే బొమ్మ గొంతులోంచి వినిపిస్తుంది. ఇవతలివాళ్ళకు అద్దంలో తమ మొహమే తప్ప ఆవిడ కనిపించదు.

బొమ్మ తొడమీద ప్లాస్టర్లు అడ్డదిడ్డంగా అంటించి ఉన్నాయి. నాలుగేళ్ళ కిందటిదాకా పిల్లలు నిజంగానే సూది గుచ్చేవారు. గుచ్చి గుచ్చి చర్మం జల్లెడైపోయింది. కొత్త చర్మం కావాలని రాస్తే ఆరునెలలైనా రాలేదు. బ్యాచికి నూటయాభై మంది, బొమ్మ ఒక్కటి. అప్పుడు తల్లి ఒక ఉపాయం కనిపెట్టి గోడమీద అట్టముక్క తగిలించింది. "సూది గుచ్చవద్దు. మందు ఇచ్చానని గట్టిగా చెబితే చాలు." చెప్పగానే అద్దం వెనకనుంచి తల్లి అంకెలు పెంచేది. పని చకచకా సాగింది. ఆ ఉపాయాన్ని వరండాలో కూడా పెట్టింది. ఎంతో మంది మెచ్చుకున్నారు. మా ల్యాబులోనూ ఇదే మొదలుపెట్టామని ఎన్నో కాలేజీల వాళ్ళు రాశారు. ఆ రోజు ఆవిడ సంతోషం ఇంతా అంతా కాదు.

కూతురు ట్రేలోంచి సిరంజి తీసుకుంది. ఉప్పునీళ్ళ సీసాలోంచి నింపింది, గాలి బుడగ పోగొట్టింది. ట్రేలో పెట్టింది. బొమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు సర్దింది. సర్దుతూ, తల ఎత్తకుండానే, గట్టిగా అంది.

"అడ్రినలిన్ ఇచ్చాను. టైము రాయండి."

మానిటర్‌లో బీపీ నెమ్మదిగా పెరిగింది. డెబ్బై. ఎనభై ఐదు. నూట పది.

అద్దం వెనక తల్లి తన చేతిని తనే చూసుకుంది. పెంచాలని అనుకోలేదు. మాట వినబడగానే వేళ్ళు వాటంతటవే కదిలాయి.

"చూశావా అమ్మా," అంది కూతురు అద్దం వైపు తిరిగి. "ఇక్కడైతే పెరుగుతుంది."

తల్లి అంకెల మీట మీంచి చెయ్యి తీసేసింది.

"నువ్వున్నావని తెలుసు. విను. ఆ ముసలావిడకి యాంటీబయాటిక్ పడలేదు. ఒళ్ళంతా దద్దుర్లు, పెదాలు వాచిపోయాయి. ఊపిరాడక నా చెయ్యి పట్టేసుకుంది. సిరంజి నింపాను, ఇలాగే. వాంతి చేసుకుంది, మాస్కు జారింది. సిరంజి ట్రేలో పెట్టి మాస్కు సర్దాను. ఇచ్చానన్నాను. పిన్ని టైము రాసింది. నేను మానిటర్ చూశాను. ఎందుకు పెరగట్లేదా అని చూస్తూ నిలబడ్డాను. ఏడు నిమిషాలమ్మా. రెండో డోసు వెయ్యడానికి పిన్ని ట్రే లాక్కుంటే మొదటి సిరంజి నిండుగా అక్కడే ఉంది."

కేసు చెబుతున్నట్టే చెప్పింది. తల్లికి అదే భరించరానిదిగా ఉంది.

"రెండు రోజులు ఐసీయూలో ఉంది ఆవిడ. నిన్న చూడ్డానికెళ్తే నాకు దణ్ణం పెట్టింది. నువ్వే బతికించావు తల్లీ అని. నేను బయటికొచ్చి బాత్రూములో కూర్చున్నాను."

తల్లి లేచి అద్దం వెనకనుంచి వెళ్ళి పిల్లను దగ్గరకు తీసుకోవాలనుకుంది. తలుపు రెండడుగుల దూరంలో ఉంది. లేవలేకపోయింది. ఎదురుగా నిలబడి చెప్పే ధైర్యం తనకు లేదని ఆవిడకు ఆ క్షణంలో స్పష్టంగా తెలిసింది. మైకు మీట నొక్కింది.

"బొమ్మలమ్మని నేనే," అంది మంచంమీది బొమ్మ.

కూతురు ముందు బొమ్మ వంక చూసింది. తర్వాత అద్దం వంక చూసింది.

"ఏంటీ?"

"వరండాలో బొమ్మలమ్మ నేనే. సగం డాక్టరువి నువ్వని ఇవాళ పొద్దున తెలిసింది నాకు."

కూతురు మంచం అంచు పట్టుకుంది. బొమ్మ ఊపిరి తీస్తూనే ఉంది. పక్కగదిలో నాయనమ్మ మూలుగు సాధన చేస్తోంది.

"అంటే పొద్దున్నుంచీ నా ఎదురుగా కూర్చుని, నేను జవాబు కోసం చూస్తుంటే, నువ్వు చూస్తూ ఉన్నావు."

"ఉన్నాను."

"నీ గురించి కూడా రాశాను నేను. మా అమ్మకి నేనంటే పరీక్ష పేపరు, ఎప్పుడూ తప్పులే వెతుకుతుందని రాశాను."

"చదివాను. ఆ అమ్మ ఎవరో ఎంత కఠినురాలో అనుకున్నాను."

వేరే రోజైతే ఇద్దరూ నవ్వేవారు.

"గుర్తులేదని చెప్పమన్నది నువ్వు," అంది కూతురు. "ఆ మాట నువ్వు, అంటే మా అమ్మవి, ఇంట్లో అని ఉంటే నేను వినేదాన్ని కాదు. ఆవిడ అంది కాబట్టి విన్నాను. ఆవిడ అంత ఆలోచించి చెప్పి ఉంటుందని విన్నాను."

"ఆలోచించలేదు. నీది సరిగ్గా చదవలేదు కూడా. అందరికీ పంపే జవాబే నీకూ పంపాను."

"అందరికీ పంపేదే."

"అవును."

కూతురు ట్రేలోని సిరంజి తీసుకుంది. బొమ్మ తొడమీద ఒక ప్లాస్టరు పీకి, సూది నిటారుగా దించి, నీళ్ళన్నీ లోపలికి పోయేదాకా నొక్కింది. ఈసారి ఇచ్చానని చెప్పలేదు. మానిటర్ వంక చూడనూ లేదు. సిరంజి సూదుల డబ్బాలో పడేసి, బ్యాగు భుజాన వేసుకుని వెళ్ళిపోయింది.

అంకెలు ఎక్కడివక్కడే ఉన్నాయి. తల్లి చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

*

పదకొండుకు అయిదు నిమిషాల ముందు తల్లి శిక్షణ రిజిస్టరు చంకలో పెట్టుకుని పెద్ద డాక్టరు గది ముందుకు వచ్చింది. హౌస్ సర్జన్లకు ఇంజెక్షను ఇవ్వడం నేర్పారా లేదా అని చూడ్డానికి ఆ రిజిస్టరుతో ఆవిడను కూడా పిలిచారు.

బెంచీమీద సిస్టర్ కూర్చుని ఉంది. యూనిఫారం లేదు. మామూలు బట్టల్లో ఆమె సగం మనిషిలా కనిపించింది.

"అక్కా," అంది జరిగి చోటిస్తూ. "పాప ఇచ్చానంది. టైము రాయమంది. ఈ రెండు చెవులతో విన్నాను. కళ్ళతో చూశాకే రాయాలని నాకు తెలుసు, రాసెయ్యడం నా తప్పే. కానీ నేను కల్పించి రాశానంటున్నారు. పద్దెనిమిదేళ్ళు చేశాక ఈ మాట పడమంటావా?"

"నువ్వు కల్పించలేదు."

"నువ్వు నమ్ముతున్నావా?"

"నమ్మడం కాదు. నాకు తెలుసు."

సిస్టర్ ఇంకేదో అడగబోయింది. ఇంతలో కూతురు మెట్లెక్కి వచ్చింది. తల్లిని దాటి, సిస్టర్ ముందు ఆగింది.

"పిన్నీ, లోపలికెళ్దాం."

హౌస్ సర్జన్ అయ్యాక ఆమె సిస్టర్‌ని ఎదురుగా పిన్నీ అని పిలవడం అదే మొదటిసారి. సిస్టర్ కళ్ళు తుడుచుకుని లేచింది.

గదిలో పొడుగు బల్ల. అటువైపు పెద్ద డాక్టరు, ఆయన పక్కన నర్సుల మేడమ్, చివర్న విచారణ రాసుకునే గుమాస్తా. తల్లికి గోడ పక్కన కుర్చీ చూపించారు. రిజిస్టరు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అందులో నాలుగేళ్ళ బ్యాచీల పేర్లు, ఎదురుగా అందరికీ ఒకే మాట, తన చేతిరాతతో. ఇంజెక్షను ఇవ్వడం వచ్చు.

"మీరు కొత్తగా చెప్పేదేమైనా ఉందా?" అని పెద్ద డాక్టరు సిస్టర్‌ని అడిగాడు.

"నేను చెప్తాను సర్," అంది కూతురు. "ఆ ఇంజెక్షను నేనివ్వలేదు. ఇచ్చానని చెప్పాను. టైము రాయమన్నాను. సిస్టర్ నా మాట విని రాశారు. ఆవిడ కల్పించింది ఏమీ లేదు."

సిస్టర్ తల వంచుకుంది. భుజాలు ఒక్కసారి కదిలాయి. గుమాస్తా కలం పరుగెత్తింది.

పెద్ద డాక్టరు కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టాడు. కోప్పడలేదు. ఆయన నెమ్మదిగా మాట్లాడటం కోపం కంటే కష్టంగా ఉంది.

"ఇవ్వకుండా ఇచ్చానని ఎందుకన్నారు?"

"అబద్ధం చెప్పాలని కాదు సర్. ల్యాబులో అలాగే అనేవాళ్ళం. అలవాటుగా నోట్లోంచి వచ్చింది. ఇచ్చాననే అనుకున్నాను."

నర్సుల మేడమ్ గోడ వైపు, తల్లి వైపు చూసింది. తల్లి చూపు తిప్పుకోలేదు.

"అది వేరే మాట్లాడదాం," అన్నాడు పెద్ద డాక్టరు. "తొందరలో జరిగిన పొరపాటు నాకు అర్థమవుతుంది. కానీ రెండు రోజుల తర్వాత, తొందరేమీ లేకుండా, ఇదే గదిలో కూర్చుని గుర్తులేదన్నారు. అది పొరపాటు కాదు. మీకు ఇంకా ఆరునెలల హౌస్ సర్జన్సీ ఉంది. సంతకం పెట్టాల్సింది నేను. అందుకే అడుగుతున్నాను. అలా చెప్పమని మీకెవరైనా చెప్పారా?"

కూతురు తల తిప్పి గోడ పక్కనున్న కుర్చీని చూసింది. పొద్దుటినుంచి తల్లి మొహంలోకి ఆమె చూడటం అదే మొదటిసారి. ఆ చూపులో కోపం ఉంటుందని తల్లి అనుకుంది. కోపం లేదు. ల్యాబులో పరీక్షకు ముందు, అద్దంలోంచి అమ్మ కనిపిస్తుందేమోనని చూసే చూపే అది.

చెప్పేస్తుందని తల్లి భయపడింది. చెప్పదేమోనని అంతకంటే ఎక్కువ భయపడింది.

కూతురు తిరిగి పెద్ద డాక్టరు వైపు చూసింది.

"ఎవరూ చెప్పలేదు సర్. నా అంతట నేనే అన్నాను."

గొంతు గట్టిగా, స్పష్టంగా ఉంది. వార్డులో టైము రాయమన్నప్పుడు కూడా ఇలాగే ఉండి ఉంటుంది. పెద్ద డాక్టరు తల పంకించి గుమాస్తాకు సైగ చేశాడు. చెవిన పడినది రాయడం గుమాస్తా పని. అతను కాగితం సర్దుకుని, కొత్త లైను మొదట్లో టైము వేశాడు. పదకొండు ఇరవై.

తల్లి ఒళ్ళోంచి రిజిస్టరు జారి కిందపడింది. ఆవిడ దాన్ని తీసుకోలేదు. లేచి నిలబడింది.

"ఆగండి," అంది గుమాస్తాతో. "అది రాయకండి."